సీసీ ఒక్కటైతే ఇంజిన్ ఒక్కటైతదా?

మా నాయిన కారు 1998 మోడల్ మారుతి 800. ఏపీ 24 నంబర్. నిరుడు ఎండకాలం మట్టపల్లి నరసింహస్వామి గుడికి పోయొస్తుంటే హీట్ ముల్లు పైకెక్కింది. "ఇంకెంత, హుజూర్‌నగర్ వచ్చినట్టే" అని ఆపకుండ తోలిండు. ఊరు రాకముందే ఇంజిన్ పట్టేసింది. కొత్త కారు కొనే తాకత్ మాకు లేదు. నాయనమ్మను నెలనెలా సూర్యాపేట దవాఖానకు తీస్కపోవాలంటే ఉన్నది గదొక్కటే బండి.

మెకానిక్ అన్న హెడ్ ఇప్పి చూసి, "బోరు చేయించినా నమ్మకం లేదు తమ్మీ, పాత ఇంజిన్ ఒకటి చూసుకో" అన్నడు. బెజవాడ ఆటోనగర్‌కు బస్సెక్కిన. ఆడ ఒకాయన చూపిచ్చిన ఇంజిన్ సాఫ్‌గ ఉంది, రేటు గూడ తక్కువే. "796 సీసీ, మూడు సిలిండర్లు, మీదాన్ల కూసుంటది" అన్నడు. బయానా ఇద్దామని జేబుల చెయ్యి పెట్టి, ఎందుకో అన్నకు ఫొటో పంపిన. ఆయన ఫోన్ జేసి తిట్టిన తిట్లల్లనే నేను నేర్సుకున్నది మొత్తం ఉంది.

ఆ ఇంజిన్ ఆల్టోది. పాత కార్బొరేటర్ 800ల ఉండేది ఎఫ్8బి, ఆరు వాల్వులు. ఆల్టోల 2000 సంది వచ్చింది ఎఫ్8డి, పన్నెండు వాల్వులు, ఎంపీఎఫ్ఐ. సీసీ రెండిటిదీ 796ఏ. కానీ మా బండ్ల పెట్రోల్ పంపు ఇంజిన్‌కే ఉంటది, క్యామ్ తిరుగుడుతోని గుంజుతది. ఆల్టోల పంపు ట్యాంకుల ఉండి కరెంటుతోని నడుస్తది. దాన్ని మా బండికి పెట్టాలంటే ఈసీఎం, సెన్సర్లు, వైరింగు, ట్యాంకుల పంపు అన్నీ మార్చాలె. చౌక అనుకున్నది చారాణ కోడికి బారాణ మసాలా అయితది.

"మరి ఓమ్నిది? అదిగూడ ఎఫ్8బినే గదా" అన్న. మళ్ల తిట్టిండు. ఓమ్నిల ఇంజిన్ ముందు సీట్ల కింద పొడుగ్గ ఉండి వెనుక చక్రాలను తిప్పుతది. 800ల బానెట్ కింద అడ్డంగ ఉండి ముందు చక్రాలను తిప్పుతది. లోపలి సామాను చానామట్టుకు కలుస్తది గని, ఇంజిన్‌ను ఉన్నదున్నట్టు దించి బిగిస్తమంటే కూసోదు.

డీజిల్ బండ్లున్న పోరగాళ్లు ఇంకా పైలంగ ఉండాలె. 1248 సీసీ ఫియట్ మల్టీజెట్ ఇంజినే స్విఫ్ట్‌ల ఉంది, ఇండికా విస్టాల ఉంది, పుంటోల ఉంది. అండ్లనే 75 హార్స్‌పవర్‌ది వేరు, 90ది వేరు, టర్బో మారుతది. ఈసీయూ ఏ కంపెనీకి ఆ కంపెనీదే. ఈసీయూకు తాళంచెవికి లంకె ఉన్న బండ్లల్ల, రెండు కలువకపోతే ఇంజిన్ ఎంత మంచిదైనా స్టార్టే కాదు. అందుకే సీసీ అడుగుడు కాదు, ఇంజిన్ కోడ్ అడగాలె, అది ఏ బండ్లకెళ్లి, ఏ ఏడాది మోడల్‌కెళ్లి దించిండ్రో అడగాలె.

ఇంకొకటి. 2024 ఆగస్టు ఆఖర్ల పడ్డ వాన యాదికుందా? ఇటు కోదాడల కార్లు కొట్టుకపోయినయి, అటు బుడమేరు పొంగి బెజవాడల బండ్లు మునిగినయి. నీళ్లల్ల మునిగిన ఇంజిన్‌ను కడిగి పెడితే కొత్తదాని లెక్కనే మెరుస్తది. సిలిండర్లకు నీళ్లు పోయినంక ఎవలన్న సెల్ఫ్ కొట్టి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతది, ఎందుకంటే నీళ్లు గాలి లెక్క అణగవు. బోల్టుల సందుల్ల ఒండ్రు ఉందా, అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు ఉన్నయా చూడాలె. ఆయిల్ మూత తీస్తే చాయ్ మీది మీగడ లెక్క ఉంటే ఆయిల్ల నీళ్లు కలిసినట్టే, ఆడికెళ్లి లేచి రావాలె. కంప్రెషన్ గేజ్ పెట్టియ్యాలె. మూడు సిలిండర్ల నడుమ కిలో కంటె ఎక్కువ తేడా ఉంటే వద్దు. గేజ్ పెట్టనియ్యనోని దగ్గర కొనుడే వద్దు.

నాకు ఆఖరుకు మిర్యాలగూడల దొరికింది. వెనుకకెళ్లి లారీ గుద్దిన పాత 800. ఇంజిన్ ఇంకా బండ్లనే ఉంది. అరగంట నడిపిచ్చి, పొగ చూసి, చప్పుడు విని కొన్న. గిట్ల దొరికితే అంతకంటె మంచి బేరం లేదు. దించినంక టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు కొత్తయి ఏపిచ్చినం. ఇంజిన్ బయట ఉన్నప్పుడు గంటల పని, లోపలికి పోయినంక దినాల పని. రేడియేటర్ గూడ మార్చినం. పాత ఇంజిన్‌ను సంపింది అదే గదా, దాన్ని అట్లనే ఉంచితే రెండోదాన్ని గూడ సంపుతది.

కాయిదాలు మర్వద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చిన 14 రోజుల్ల ఆర్టీఏకు చెప్పాలె, ఆర్సీల కొత్త నంబర్ ఎక్కాలె. అమ్మినాయన దగ్గర ఇంజిన్ నంబర్ రాసిన బిల్లు, ఆ బండి ఆర్సీ నకలు తీస్కోవాలె. నంబర్ గీకేసి ఉంటే ముట్టుకోవద్దు. పదిహేనేండ్లు దాటిన బండికి ఐదేండ్లకోసారి రెన్యువల్ ఉంటది. మాది మళ్ల 2028ల. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ బానెట్ లేపి నంబర్ చూస్తడు.

పాత ఇంజిన్‌ను ఎక్స్‌చేంజికి అడిగిండ్రు, ఇయ్యలే. లారీ గుద్దిన బండి కార్బొరేటర్ పాడుంటే మాదే ఇప్పి పెట్టినం. మిగిలిన ముక్క ఇంటెనుక పశువుల కొట్టంల గోనెసంచి కప్పుకొని ఉంది.