ఆసుపత్రి పట్టికలు – లాజిస్టిక్ ప్రతిగమనము

ఆసుపత్రులవారు ఒక చికిత్స ఫలితమును ప్రకటించునప్పుడు రోగుల వివరములను ఒక్కొక్కటిగా మన ముందుంచరు. ఇందరికి చికిత్స జరిగినది, ఇందరికి నయమైనది అని వర్గముల వారీగా పట్టిక కూర్చి ఇత్తురు. అట్టి పట్టికను చదువుట సులభమని మనము తలచెదము. మూత్రపిండములలోని రాళ్ళను గూర్చి 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక పరిశీలనను చూచిన పిమ్మట మేము అట్లు తలచుట మానితిమి.

అందులో శరీరమును కోసి రాళ్ళను తీసిన 350 మందిలో 273 మందికి, అనగా నూటికి 78 మందికి, చికిత్స ఫలించినది. చిన్న రంధ్రము చేసి గొట్టము ద్వారా తీయు క్రొత్త పద్ధతిలో 350 మందిలో 289 మందికి, అనగా నూటికి 83 మందికి, ఫలించినది. ఇంతవరకు చదివినవారెవరైనను క్రొత్త పద్ధతియే మేలందురు.

ఇప్పుడు రాయి పరిమాణమును బట్టి విడదీసి చూతము. రెండు సెంటీమీటర్లకు లోపు రాళ్ళు గలవారిలో కోత 87 మందికి గాను 81 మందికి, క్రొత్త పద్ధతి 270 మందికి గాను 234 మందికి ఫలించినవి. పెద్ద రాళ్ళవారిలో కోత 263కు 192, క్రొత్త పద్ధతి 80కి 55. శాతములు కట్టినచో చిన్నవాటిలో 93, 87. పెద్దవాటిలో 73, 69. రెండు వర్గములలోను కోతయే ముందున్నది! ఇందులో మాయ ఏమియు లేదు. కష్టమైన పెద్ద రాళ్ళు ఎక్కువగా కోత పాలికి, చిన్నవి క్రొత్త పద్ధతి పాలికి వచ్చినవి. కళాశాలల ఉత్తీర్ణతా శాతములను పోల్చువారును ఎట్టి విద్యార్థులు చేరినారో ముందుగా విచారింపవలెనని మా మనవి.

మరి రెండు వర్గముల సాక్ష్యమును కలిపి ఒకే సమాధానము రాబట్టుట ఎట్లు? శాతములను సరళరేఖకు అమర్చుట తగదు. సరళరేఖ నూటికి పైకిని పోగలదు, శాతము పోజాలదు. పైగా 80 మందిపై కట్టిన శాతమునకు 270 మందిపై కట్టినదానితో సమానమైన విలువనిచ్చుట అన్యాయము. అందుచేత ఫలించినవారి సంఖ్యను ఫలించనివారి సంఖ్యతో భాగించి, ఆ లబ్ధమునకు సహజ సంవర్గమానమును తీసికొందురు. దీనికి లాజిట్ అని 1944లో జోసెఫ్ బెర్క్‌సన్ పేరు పెట్టినాడు. చిన్న రాళ్ళ కోతకు 81ని 6తో భాగింపగా 13.5, దాని లాజిట్ 2.60, క్రొత్త పద్ధతికి 1.87. పెద్ద రాళ్ళకు వరుసగా 0.99, 0.79.

ఈ లాజిట్‌ను ఒక స్థిరాంకము, చికిత్స ప్రభావము, రాయి ప్రభావము – ఈ మూటి మొత్తముగా భావించి, పట్టికలోని సంఖ్యలు రాగల అవకాశమును గరిష్ఠము చేయు గుణకములను కనుగొందురు. ప్రతి వర్గమునకు దాని జనసంఖ్యను బట్టియే బలము లభించును. 700 మందిని 700 వరుసలుగా వ్రాసినను, నాలుగు వరుసలుగా కూర్చినను గుణకములు అవియే. విద్యార్థులు దీనిని స్వయముగా చేసి చూడవలెను.

ఫలితమేమి? రాయి పరిమాణమును లెక్కలోనికి తీసికొన్నచో ఫలించు, ఫలించని వారి నిష్పత్తి కోతకు సుమారు 1.4 రెట్లు. మొత్తములను బట్టి చూచినప్పుడు అదియే 0.75. అయినను కోతయే శ్రేష్ఠమని వెంటనే తీర్పు చెప్పరాదు. నూటికి 95 పాళ్ళ విశ్వాసాంతరము 0.9 నుండి 2.2 వరకు ఉన్నది. ఏ భేదమును లేదను 1 అందులోనే కలదు. వేరొక చిక్కు కూడ ఉన్నది. కోత చికిత్సలు 1972–80 నడుమ, క్రొత్తవి 1980–85 నడుమ జరిగినవి. కాలముతో ఆసుపత్రిలో వచ్చిన మార్పులను సవరించుటకు ఈ పట్టికలో గడియే లేదు.