మూడు చక్రముల బండి – దారి తప్పిన విద్యుత్తు

ఉదయము తొమ్మిది గంటల వేళ. బడిగంట మ్రోగుటకు ఇంక కొద్ది నిమిషములే ఉన్నవి. పిల్లలతో నిండిన ఆటో రిక్షా ఒకటి వీధి మలుపు తిరుగుచు చటుక్కున ఆగిపోవును. డ్రైవరు తన సీటు ప్రక్కనున్న లివరును రెండు మూడు మార్లు గుంజి చూచును. ఇంజను ఒక్కసారి దగ్గి ఊరకుండును. పిల్లలు సంచులు వీపున వేసికొని నడక సాగింతురు. తెలుగు పట్టణములలో ఇది ఏ వీధిలోనైనను కనిపించు దృశ్యమే. చూచువారికి అది క్షణకాలపు వింత. డ్రైవరుకు మాత్రము అది ఆనాటి బత్తెము. బండి అద్దెది అయినచో, అది నడిచినను నడువకున్నను, సాయంకాలమునకు యజమాని అద్దె చెల్లింపక తప్పదు.

అటుపిమ్మట జరుగునది మరింత విచారకరము. మొదట ప్లగ్గు మార్చుదురు. బండి కదలదు. తరువాత కాయిలు మార్చుదురు. అదియును ఫలింపదు. ఆపైన సి.డి.ఐ. పెట్టెపై అనుమానము పుట్టును. రోగమొకటి, మందొకటి అయినప్పుడు రోగికి నీరసమును, వైద్యునికి అపకీర్తియును మిగులును. తీరా చూడగా దోషము ఒక తీగపై చెరిగిన తొడుగులోనో, ఒక బోల్టు క్రింద పట్టిన తుప్పులోనో దాగియుండును. కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లగును. అయితే త్రవ్వినది బీదవాని జేబు.

ఈ నష్టమును తప్పించు మార్గము క్రొత్తది కాదు. పాఠశాల భౌతికశాస్త్రములో ఉన్నదే. విద్యుత్తు ఎచ్చట పుట్టును, ఏ దారిన పోవును, ఏ దారిన తిరిగి వచ్చును అను మూడు ప్రశ్నలు వరుసగా వేసికొనుటయే ఆ మార్గము.

స్కూటరు వంశములోని బండి

ఆటో రిక్షాకు టాపు, వెనుక సీటు, మూడు చక్రములు ఉన్నను, పుట్టుకచేత అది మోటారు సైకిలు కుటుంబములోనిదే. ఇటలీ దేశములో పియాజియో సంస్థ 1946లో వెస్పా స్కూటరును విడుదల చేసినది. దానిని రూపొందించిన కొరాడినో దస్కానియో అను ఇంజనీరే, కొలది కాలమునకు దాని వెనుక భాగమున రెండు చక్రములు చేర్చి ‘ఆపె’ అను బండిని కల్పించెను. వెస్పా అనగా ఇటాలియను భాషలో కందిరీగ. ఆపె అనగా తేనెటీగ. మన దేశములో బజాజ్ ఆటో సంస్థ 1959లో స్కూటర్లను, మూడు చక్రముల బండ్లను తయారుచేయుటకు ప్రభుత్వపు అనుమతి పొందినది.

ఈ వంశచరిత్రకు దోషాన్వేషణతో సంబంధమున్నది. స్కూటరు వలెనే దీనికి ముందు హాండిలు ఉండును. మనము నేడు చూచు ఆటోలలో ఇంజను వెనుక నుండును. తాళము, దీపముల స్విచ్చులు ఒక కొసను, నిప్పురవ్వ పుట్టవలసిన ప్లగ్గు మరియొక కొసను ఉన్నవి. ఈ రెంటికిని నడుమ తీగల కట్ట బండి పొడవునను ప్రయాణము చేయును. హాండిలు దినమునకు కొన్ని వందల మార్లు అటునిటు తిరుగును. అది తిరిగినప్పుడెల్ల మెడవద్దనున్న తీగలు వంగి, సాగి, ఇనుమునకు ఒరసికొనుచుండును. కావున బండి మెడను చూడకుండ మిగిలినవన్నియు విప్పుట తెలివిగల పని కాదు.

రెండు ఊటలు

ఆటోలో విద్యుత్తునకు రెండు ఊటలు కలవు. ఒకటి ఇంజనుతోపాటు తిరుగు మాగ్నెటు. తీగచుట్ట యెదుట అయస్కాంతము కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇక్కడ పనిచేయుచున్నది. రెండవది బ్యాటరీ. సీసపు పలకలతోను, గంధకికామ్లముతోను పనిచేయు ఈ బ్యాటరీకి మూలపురుషుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే. దానిని నిర్మించిన సంవత్సరము 1859.

కొన్ని బండ్లలో ప్లగ్గుకు కావలసిన శక్తి మాగ్నెటులోని ప్రత్యేకమైన తీగచుట్ట నుండియే లభించును. అట్టి బండి బ్యాటరీ చచ్చినను లివరు గుంజినచో నడువగలదు. మరికొన్నింటిలో బ్యాటరీయే ఆధారము. తన బండి ఈ రెండు తెగలలో దేనికి చెందినదో తెలిసిన డ్రైవరు సగము శ్రమను తప్పించుకొనును. డీసెలు బండికి ప్లగ్గు నిప్పురవ్వతో పనియే లేదు. దాని సంగతి వేరు.

ఎడమకు తిరిగిన ఆగు బండి

ఒక ఉదాహరణము. ఒక బండి తిన్నని బాటపై చక్కగా నడచును. ఎడమకు మలుపు తిరిగినంతనే ఆగిపోవును. హాండిలు సరిచేసి లివరు గుంజినచో మరల పలుకును. ప్లగ్గు చెడినదైనచో కుడియెడమల భేదము దానికెట్లు తెలియును? కాయిలు చెడినదైనచో తిన్నని బాటను అది గుర్తించునా? లక్షణమే ఇక్కడ చిరునామా చెప్పుచున్నది.

మాగ్నెటు శక్తితో రవ్వ పుట్టు పెక్కు బండ్లలో తాళము త్రిప్పి ఇంజను ఆపుట అనగా, జ్వలనపు తీగనొకదానిని బండి ఇనుమునకు, అనగా ఎర్తుకు, తగిలించుటయే. ప్లగ్గుకు పోవలసిన శక్తి అంతయు ఆ దారిన నేలపాలగును. ఆ తీగ మెడవద్ద ఒరసి తొడుగు పోయినదనుకొనుడు. హాండిలు ఎడమకు తిరిగినప్పుడు రాగి ఇనుమును తాకును. తాళము ‘నడువుము’ అనుచున్నను తీగ ‘ఆగుము’ అనును. పరీక్ష సులభము: ఆ తీగను సి.డి.ఐ. పెట్టెవద్ద విప్పి చూడవలెను. అప్పుడు రవ్వ వచ్చినచో ప్లగ్గు, కాయిలు, పెట్టె మూడును నిర్దోషులు. చికిత్స ఒక మూర తీగ, ఒక తొడుగు.

రవ్వను పరీక్షించుటకు ప్లగ్గును ఊడదీసి, దాని టోపీలోనే ఉంచి, లోహభాగము ఇంజనుకు గట్టిగా తగులునట్లు నిలిపి లివరు గుంజుదురు. పెట్రోలు గాని, గ్యాసు గాని వాసన వచ్చుచున్న చోట ఈ పని చేయరాదు. ప్లగ్గును వట్టిచేతితో పట్టరాదు. అచ్చట పుట్టునది వేలకొలది వోల్టుల పీడనము.

కనిపించని తిరుగుదారి

పెక్కుమంది మరచునది తిరుగుదారిని. ఇంటి దీపమునకు రెండు తీగలుండును. బండి దీపమునకు తరచుగా ఒక్కటే కనిపించును. రెండవ తీగ బండి శరీరమే. ఇనుము తుప్పు పట్టినను, రంగు వేయునప్పుడు బోల్టు క్రింద రంగు చేరినను ఆ దారి మూసికొనిపోవును. ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చున్న బండ్లలో, దానిని శరీరముతో కలుపు ఎర్తు తీగ వదులైనచో చిక్కులు మరిన్ని పుట్టును.

ఓమ్ సూత్రము ఇక్కడ లెక్క చెప్పును. 12 వోల్టుల వద్ద 36 వాట్ల దీపము 3 ఆంపియర్లు తీసికొనును. దాని నిరోధము 4 ఓములు. తుప్పుపట్టిన బోల్టువద్ద ఒక్క ఓము నిరోధము చేరినదనుకొనుడు. మొత్తము 5 ఓములు, ప్రవాహము 2.4 ఆంపియర్లకు తగ్గును. దీపమునకు దక్కునది 9.6 వోల్టులు మాత్రమే. శక్తి సుమారు 23 వాట్లు. ఇంచుమించు 6 వాట్లు ఆ బోల్టును వేడిచేయుటలో వ్యర్థమగును. వేడెక్కిన తంతువు నిరోధము కొంత మారుచుండును గనుక నిజమైన అంకెలు కొద్దిగా భేదించును గాని, నీతి మాత్రము మారదు. దీపము మసకబారినది, క్రొత్త బల్బు వేసినను మసకగనే ఉండును. బ్యాటరీ ఋణధ్రువము నుండి దీపపు ఎర్తుకు ఒక తీగను తాత్కాలికముగ తగిలించి చూచినచో, వెలుగు హెచ్చినంతనే దొంగ దొరకినట్లే. వెనుక సిగ్నలు వేసినప్పుడు ప్రక్కనున్న ఎర్రదీపము కూడ మిణుకుమిణుకుమనుటకు కారణము తరచుగా ఇదియే: తన దారి మూసికొనిన విద్యుత్తు పొరుగు దీపము గుండ తిరిగిపోవుచున్నది.

పరికరము గొప్పది కానక్కరలేదు. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు తీగలు అతికినచో అదియే పరీక్షాదీపము. ఒక కొసను ఎర్తుకు కట్టి, రెండవ కొసతో విద్యుత్తు ఎంతవరకు వచ్చుచున్నదో చూచుకొనుచు పోవలెను. దారిలో పదునారు జాయింట్లున్నచో మొదటినుండి అన్నియు విప్పనక్కరలేదు. నడుమ పరీక్షింపవలెను. అచ్చటికి వచ్చినచో దోషము ముందున్నది, రానిచో వెనుకనున్నది. ఇట్లు సగము సగముగ విభజించుచు పోయినచో నాలుగు పరీక్షలతో దోషస్థానము తేలును. సి.డి.ఐ. వంటి ఎలక్ట్రానిక్ పెట్టెల కాళ్లకు మాత్రము ఈ బల్బును తగిలింపరాదు. అచ్చట మీటరే తగినది.

మీటరు బ్యాటరీ ఆరోగ్యమును కూడ చెప్పును. విశ్రాంతిలోనున్న నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగినచో దాదాపు ఖాళీ. ఇంజను వేగముగ నడచుచున్నప్పుడు 13.5 నుండి 14.5 వరకు ఉండవలెను. అంతకు పెరగనిచో ఛార్జింగు లేదు. 15 దాటినచో రెగ్యులేటరు అదుపు తప్పినది; బల్బులు మాటిమాటికి మాడుటకు, బ్యాటరీ నీరు ఇగురుటకు కారణమదియే.

ఫ్యూజుతో పరాచికము

ఈ విషయములన్నింటిలోను ప్రాణాపాయముతో కూడినది ఒకటి కలదు. ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమునో, లావుపాటి రాగితీగనో చుట్టి బండి నడపుట కొందరికి అలవాటు. ఫ్యూజు కాలిపోవుట దోషము కాదు. దోషమును చాటిన దండోరా. దాని నోరు నొక్కినచో తీగల కట్టయే ఫ్యూజుగా మారును. ఆ కట్ట పోవునది ఇంధనపు గొట్టములకు సమీపమున, పిల్లలు కూర్చుండు సీటు చెంతను. పది రూపాయల వస్తువును ఆదా చేయబోయి బండినే, ఒక్కొక్కప్పుడు బండిలోని వారినే, పణముగ పెట్టుట అది. పోయిన ఫ్యూజు స్థానమున అదే ఆంపియర్ల ఫ్యూజు వేయవలెను. అది మరల పోయినచో కారణము వెదకవలెను.

నేడు రహదారులపై విద్యుత్తుతోనే నడచు ఆటోలు పెరుగుచున్నవి. వాటి మోటారుకు శక్తినిచ్చు బ్యాటరీల పీడనము ఎక్కువ; ఆ పని శిక్షణ పొందినవారిదే. అయినను పుట్టుచోటు, పోవుదారి, తిరుగుదారి అను మూడు ప్రశ్నలు వాటికిని వర్తించును.

ఓమ్ తన సూత్రమును 1827లో ప్రకటించెను. పాఠశాలలలో అది మూడక్షరముల సమీకరణముగ వల్లింపబడుచున్నది. ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక తుప్పు పట్టిన బోల్టు బల్లపై ఉంచినచో అదే సూత్రము పిల్లల కన్నుల యెదుట వెలిగి, మసకబారి, మరల వెలుగును. ఆ తరగతిలో కూర్చున్నవారిలో ఆటో డ్రైవరు కుమారుడో, కుమార్తెయో ఉండకపోదు. సాయంకాలము ఇంటికి పోయి, “నాన్నా, ప్లగ్గు మార్చవద్దు, మొదట ఎర్తు చూడు” అని ఆ బిడ్డ చెప్పగలిగిననాడు ఆ యింట ఒక దినపు బత్తెము నిలుచును.