రూటర్‌కు తోడు చట్రం

వడ్రంగి పని నేర్చిన మన పిల్లలకు రూటర్ మిషన్ ఇప్పించేటప్పుడు, జరుపుకునే చట్రం కూడా ఇవ్వాలని దాతలకు నా మనవి. తిరుపతి అపార్టుమెంట్లలో ఒక్క టేకు తలుపు మీద బిట్టు జారితే ఆ కుర్రవాడి కూలి పోయినట్టే.

చట్రానికున్న నాలుగు పట్టీలను జరిపి, బందు కొలతకు బిగిస్తారు. రూటర్ అడుగునున్న బుష్ పట్టీల అంచును ఆనుకొని తిరుగుతుంది. బుష్ 16 మి.మీ., బిట్టు 10 మి.మీ. అయితే చట్రం ఖాళీ గాడికన్నా పొడవులోనూ వెడల్పులోనూ 6 మి.మీ. ఎక్కువుండాలి. మా తొమ్మిదో తరగతిలో ఈ లెక్క ఇస్తే చాలామంది 3 అన్నారు, రెండో పక్కను మరిచి! అందుకే ముందు పనికిరాని చెక్క మీద చూసుకోవాలి. మూలల్లో మిగిలే గుండ్రం మాత్రం ఉలితోనే తీయాలి.

పనయ్యాక దుమ్ము తుడిచి, గోడకు ఆనించకుండా చదునుగా పడుకోబెట్టాలి. పట్టీ వంగితే కొలత తప్పుతుంది. బుష్, బిట్టు ఒకే డబ్బాలో పెట్టుకోవాలి. విడిగా ఉంటే ముందు పోయేది బుష్షే.