ముందు మేత... తర్వాతే చేప!

సినిమా అవకాశాల కోసం వచ్చి పస్తులున్నవాళ్ల కథలు కృష్ణానగర్‌కి కొత్తకాదు. ఎదురుగా తిండి ఉన్నా పస్తుండే జీవి కూడా ఒకటుంది. అదే మాండరిన్ చేప. నీలం, నారింజ రంగుల్లో మెరిసే ఈ సముద్రపు చేపని చూడగానే ఎవరికైనా అక్వేరియంలో పెంచుకోవాలనిపిస్తుంది. కానీ అది గుళికల మేతని సాధారణంగా ముట్టదు. రాళ్లమీద బతికే కోపీపాడ్లనే రొయ్యజాతి బుల్లి జీవుల్ని రోజంతా ఒక్కొక్కటే ఏరుకు తింటుంది. కొత్త తొట్టెలో అవి ఇట్టే అయిపోతాయి. ఇక చేప చిక్కిశల్యమై చచ్చిపోతుంది. అందుకే లీటరుకి సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు కలిపిన నీటితో తొట్టెని కొన్ని నెలలు నడిపి, కోపీపాడ్లు బాగా పెరిగాకే మాండరిన్‌ని తెచ్చుకోవాలి. అంత ఓపిక లేదంటారా? హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ గుళికలైనా తినేస్తుంది. 2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’లో హీరో అదేగా!