చీమల గూట్లో పెరిగే ఈగ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పెరళ్లలో కొత్తిమీర, ఆవ మొక్కలు పూతకు వచ్చినప్పుడు గాలిలో కదలకుండా నిలిచినట్లు ఎగిరే చారల కీటకాలను గమనించవచ్చు. చాలామంది వాటిని కందిరీగలనుకుంటారు. నిజానికి అవి సిర్ఫిడ్ ఈగలు. కందిరీగకు రెండు జతల రెక్కలుంటే వీటికి ఒక్క జతే ఉంటుంది. ఇవి కుట్టవు. వీటిలో అనేక జాతుల పిల్లపురుగులు పేనుబంకను తిని పంటకు మేలు చేస్తాయి.

ఇదే కుటుంబంలో అరుదుగా కంటబడే ఈగలు మైక్రోడాన్ ప్రజాతివి. ఇవి పూలపై వాలడం చాలా తక్కువ. చీమల గూడు దగ్గరే ఆకుల మీద కూర్చుంటాయి. ఎందుకంటే వీటి పిల్లపురుగులు పెరిగేది ఆ గూట్లోనే.

పిల్లపురుగు అర్ధగోళంలా ఉబ్బి, అడుగున చదునుగా ఉంటుంది. తల, కాళ్లు పైకి కనిపించవు. అందుకే 1820లలో జర్మన్ శాస్త్రవేత్త స్పిక్స్ దీనిని నత్తల వర్గపు జీవిగా వర్ణించాడు. ఇది చీమల పిల్లలను, ప్యూపాలను తింటుంది. అయినా కాపలా చీమలు దీనిని పట్టించుకోవు!

కారణం వాసన. చీమలు తమవారిని ఒంటిపై ఉండే మైనపు పూతలోని హైడ్రోకార్బన్ల ద్వారా గుర్తిస్తాయి. మైక్రోడాన్ పిల్లపురుగు పూత, చీమల ప్యూపా పూతను పోలి ఉంటుందని 1990లో అమెరికా పరిశోధకులు చూపారు. రెక్కలొచ్చాక ఈ రక్షణ ఉండదు. కొత్త ఈగ త్వరగా గూడు విడవకపోతే చీమలు దాడి చేయవచ్చు.

ఈ పోలిక ఎంత కచ్చితమైనదో మైక్రోడాన్ మ్యుటాబిలిస్ అనే ఐరోపా జాతిపై బ్రిటన్ శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. తల్లి ఈగ పెరిగిన గూట్లో పెట్టిన గుడ్లు దాదాపు అన్నీ బతికాయి. దూరపు గూళ్లలో పెట్టినవాటిని, అవి అదే జాతి చీమల గూళ్లయినా, చీమలు ఎక్కువగా నాశనం చేశాయి. అంటే ఈ ఈగకు ఏదో ఒక చీమల గూడు ఉంటే చాలదు, తన గూడే కావాలి. అది పోతే పక్క గూట్లోకి మారడం తేలిక కాదు.

భారతదేశంలోనూ మైక్రోడాన్ జాతులున్నాయి. వృత్తిరీత్యా సంగీతకారుడైన ఎన్రికో బ్రునెట్టి 1923లో వెలువరించిన 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' సంపుటంలో దేశంలోని సిర్ఫిడ్ ఈగలను వర్ణించాడు.

బిలాస్‌పూర్ సమీపంలోని అచానక్‌మార్ సాల్ అడవిలోనైనా, కాలనీలోని పాత చెట్ల కింద అయినా, మైక్రోడాన్ కోసం వెతకాల్సింది పూలను కాదు, చీమలున్న పుచ్చిన దుంగలను. దుంగను ఎత్తి చూస్తే తిరిగి అలాగే పెట్టాలి. ఆ దుంగను కాల్చినా, చీమల మందు పోసినా పోయేది చీమలే కాకపోవచ్చు. వాటిని నమ్ముకున్న ఈగ వంశమూ అక్కడితో ఆగిపోవచ్చు.