కిరాయి ఒంటె మీద ఒక చీటీ

ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లోనూ, గోదావరి అవతల లక్షెట్టిపేట వైపునా గల్ఫ్‌లో తమ మనిషి లేని వాడకట్టు అరుదు. దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్, మస్కట్ అనేవి మన పిల్లలకు పక్క ఊళ్ల పేర్లంత పరిచయం. ప్రయాణం దగ్గర పడిందంటే ఇంట్లో పెట్టె సర్దడం మొదలవుతుంది. మామిడి తొక్కు, కారంపొడి, సకినాలు, నువ్వుల లడ్డూలు, వాటిపైన ఇరుగు పొరుగు తెచ్చిచ్చే పొట్లాలు. మూత పడితే చాలు, తూకం సంగతి ఎవరికీ గుర్తుండదు. రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటరు ముందు నిలబడ్డాక అది గుర్తుకొస్తుంది. అప్పుడు అడిగినంత కట్టాలి, లేదా నలుగురి ముందు పెట్టె విప్పి అమ్మ చేతి తొక్కును అక్కడే వదిలిపోవాలి.

ఈ వ్యవహారం చిన్నదిగానే కనిపిస్తుంది. కాని ఇందులో కష్టార్జితం ఉంది, హలాల్ హరామ్‌ల విచక్షణ ఉంది, ఒక్కోసారి మనిషి స్వేచ్ఛే ఉంది. అందుకే ఈ శుక్రవారం దీని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

పెద్దలు చూపిన బాట

హిజ్రీ 181లో పరమపదించిన మహా హదీసువేత్త హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మ) గురించి ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో ఒక సంగతి పేర్కొన్నారు. ఆయన కిరాయి వాహనంపై ప్రయాణానికి సిద్ధంగా ఉండగా ఒకరు వచ్చి, ఒక చీటీని ఫలానా వారికి అందజేయమని కోరారు. కిరాయి మాట్లాడుకున్నప్పుడు ఈ చీటీ ప్రస్తావన రాలేదు కనుక, వాహన యజమానిని అడిగి అనుమతి తీసుకుంటేనే తీసుకెళ్తానన్నారు ఆయన. కాగితం ముక్కకు బరువెంత? అయినా ఒప్పందంలో లేని బరువును పరాయి సొత్తుపై మోపడానికి ఆయన మనసు ఒప్పలేదు.

మన మదర్సాల్లో శతాబ్దాలుగా బోధిస్తున్న హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం 'హిదాయా'లోనూ ఇదే సూత్రం ఉంది. ఇంత గోధుమ మోయడానికని పశువును కిరాయికి తీసుకున్నవాడు అంతకంటే ఎక్కువ మోపగా ఆ పశువు చనిపోతే, అదనపు బరువు మేరకు అతడే నష్టపరిహారం ఇచ్చుకోవాలి. గోధుమకు మాట్లాడుకుని దానికి బదులు బార్లీ వేయవచ్చు, ఇనుము వేయకూడదు.

నేడు ఒంటె స్థానంలో విమానం వచ్చింది. టికెట్ మీద ముద్రించిన కిలోలే మన కిరాయి ఒప్పందం. దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్-మాయిదా సూరా మొదలయ్యేదే ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులకిచ్చిన ఆజ్ఞతో. తూకం వేసేటప్పుడు బరువైన చేతిసంచిని దూరంగా బంధువు దగ్గర ఉంచి తర్వాత అందుకోవడం, తూకం యంత్రంపై ఉన్న పెట్టెను కాలితో పైకెత్తి పట్టడం కొందరికి తెలివితేటలుగా తోస్తాయి. తూనికల్లో మోసగించే వారికి వినాశం తప్పదని హెచ్చరిస్తూ ఒక సూరాయే అవతరించిందని మరువరాదు. "కంపెనీ కోట్లు గడిస్తోంది, మన అయిదు కిలోలతో దానికేం లోటు?" అని కొందరంటారు. తనను చంపజూసిన మక్కావాసుల అమానతులను కూడా వారికి తిరిగి ఇచ్చి రమ్మని దైవప్రవక్త (స) హిజ్రత్ వేళ హజ్రత్ అలీ (రజి)ని అక్కడ ఉంచి వెళ్లారు. హక్కు ఎవరిదైనా హక్కే.

ఇంటి దగ్గరే తూచుకోండి

ధర్మాన్ని పాటిస్తూనే డబ్బు మిగుల్చుకునే మార్గాలున్నాయి. టికెట్ కొన్నప్పుడు ఏజెంటు మాటతో సరిపెట్టుకోక, కాగితంలో రాసి ఉన్న కిలోలు చూడాలి. గల్ఫ్ విమానాల్లో కంపెనీని, టికెట్ రకాన్ని బట్టి 20, 25, 30 కిలోలని ఉంటుంది. కొన్ని చౌక టికెట్లలో చేతిసంచి తప్ప పెట్టెకు అనుమతే ఉండదు. చేతిసంచికి సాధారణంగా 7 కిలోలే. ముంబయిలో విమానం మారేవారు రెండు టికెట్లు విడివిడిగా కొంటే, మొదటి విమానంలో దేశీయ ప్రయాణాల తక్కువ పరిమితే వర్తిస్తుంది. ఒకే టికెట్‌గా తీసుకుంటే ఈ చిక్కు రాదు.

బరువు తప్పదనుకుంటే అదనపు కిలోలను ముందుగానే కొనాలి. టికెట్‌తో పాటుగానో, ప్రయాణానికి ముందు కంపెనీ వెబ్‌సైటులోనో కొంటే కౌంటరు దగ్గర కట్టే దానికంటే బాగా తక్కువ పడుతుంది. ఒక కుటుంబం ఒకే టికెట్‌పై వెళ్తుంటే అందరి కిలోలూ కలిపి లెక్కిస్తారేమో కంపెనీని అడగాలి. ఖాళీ పెట్టె బరువే నాలుగైదు కిలోలు ఉండవచ్చు. కనుక తేలికైన పెట్టె ఎంచుకొని, నిండిన తర్వాత కిరాణా దుకాణంలో తూచుకోవాలి. ఎన్ని కిలోలు కొన్నా ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు. అది మోసే కార్మికుడి నడుము కోసం పెట్టిన హద్దు. అధిక శ్రమతో కన్నీరు కార్చిన ఒంటె పక్షాన దాని యజమానిని మందలించిన ప్రవక్త (స) అనుచరులకు ఈ నియమంలోని న్యాయం వేరే చెప్పాలా?

నూనె తేలే తొక్కు డబ్బా చేతిసంచిలో రానివ్వరు. పెట్టెలోనే పెట్టాలి. పవర్ బ్యాంకు దీనికి భిన్నం, అది చేతిసంచిలోనే ఉండాలి. ఎండు కుడుకలకు నిప్పంటుకునే గుణం ఉంది గనుక మానుకోవడమే మంచిది.

జమ్‌జమ్ నీరు

ఉమ్రాకు వెళ్లివచ్చే వారి ఆరాటమంతా జమ్‌జమ్ గురించే. 2019 జులైలో ఎయిర్ ఇండియా చిన్న విమానాల కారణంగా జెద్దా నుంచి హైదరాబాద్, కొచ్చి మార్గాల్లో జమ్‌జమ్ డబ్బాలను అనుమతించబోమని ప్రకటించింది. యాత్రికుల నుంచి నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే క్షమాపణ చెప్పి, అనుమతించిన బరువులో తెచ్చుకోవచ్చని వివరణ ఇచ్చింది. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందే కంపెనీని అడగాలి. సీసాల్లో నింపి పెట్టెలో బట్టల మధ్య దాచడం నిషిద్ధం. విమానాశ్రయంలో అమ్మే అయిదు లీటర్ల సీలు డబ్బాయే తీసుకోవాలి. శుభం కోసం తెచ్చే నీటిని దొంగచాటుగా తేవడం సబబేనా?

పరాయి పొట్లం

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇది. యూసుఫ్ (అ) గాథలో తమ్ముని మూటలో గిన్నె దొరికింది. ఆ మూటలో దాన్ని ఉంచింది అతడు కాదు, అయినా నిలిపివేసింది అతడినే. సోదా చేసేవారికి మూట ఎవరిదన్నదే లెక్క. 2019లో ముంబయికి చెందిన ఒక ముస్లిం దంపతులు ఖతర్‌కు వెళ్తూ బంధువు ఇచ్చిన పొట్లం తీసుకెళ్లారు. జర్దా అని చెప్పి ఇచ్చిన అందులో నాలుగు కిలోలకు పైగా చరస్ బయటపడింది. పదేళ్ల జైలుశిక్ష పడింది. ఆమె జైల్లోనే ఆడపిల్లను ప్రసవించింది. నిర్దోషులని తేలి 2021లో విడుదలయ్యేవరకు ఆ పసిపాపకు జైలే ఇల్లు.

మన వంటింటి గసగసాలు సైతం దుబాయిలోనూ సౌదీలోనూ మత్తు పదార్థాల కిందికి వస్తాయి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గు మందులు డాక్టర్ చీటీ, అవసరమైన అనుమతి లేకుండా తీసుకెళ్తే చిక్కులే. కాబట్టి ఎవరు పొట్లం ఇచ్చినా వారి ఎదుటే విప్పి చూసి, మళ్లీ మీ చేతులతోనే కట్టండి. "నా మీద నమ్మకం లేదా?" అని ఖాలాయో చాచాయో నొచ్చుకుంటే, "అమానతు గనుకనే చూస్తున్నాను" అని మర్యాదగా చెప్పండి. విప్పనివ్వని పొట్లాన్ని తీసుకోకండి.

పంపేవారికీ ఒక విన్నపం. అయిదు కిలోలు ఇచ్చేటప్పుడు ఆ అయిదు కిలోల కిరాయి కూడా చేతిలో పెట్టండి. అటు నుంచి వచ్చే వారిని కంబళ్లు, పాలపొడి డబ్బాలు తెమ్మని ఫోనులో చిట్టా చదివేముందు, ఒక్కో కిలోకు ఎండలో ఎన్ని గంటల చెమట పడుతుందో తలచుకోండి. సెలవు మీద వచ్చే బిడ్డ పెట్టె తేలికగా వచ్చినా, మనసు తేలికగా రావడం ముఖ్యం. మన ప్రయాణికులందరినీ అల్లాహ్ క్షేమంగా చేర్చుగాక. ఆమీన్.