అడ్రస్ మారింది, ఓటు మారలేదు

2024 జులై చివరి వారం. ఫోన్లోనే ఐటీ రిటర్న్ వేసేసి, టొరంటోలో సెటిలై అక్కడి పౌరుడైన మా చిన్నాయన కొడుకుతో మాట్లాడుతున్నా. ‘మాకైతే రిటర్న్‌లోనే ఓ ప్రశ్న ఉంటది తమ్ముడూ. అవునని టిక్ పెడితే పేరు, అడ్రస్ ఎలక్షన్స్ కెనడాకు పోతయ్. ఓటర్ల లిస్టులో వాళ్లే మార్చుకుంటరు’ అన్నాడు.

నాకు చురుక్కుమంది. మన ఐటీఆర్‌లో అలాంటి గడి లేదు. ఆ సంగతి అంతకు ఎనిమిది నెలల ముందే తెలిసుంటే బాగుండేది.

2023 నవంబర్ 30, అసెంబ్లీ ఎన్నికలు. ఆధార్‌లో అడ్రస్ కొండాపూర్‌కు మార్చుకున్నా కదా, ఓటు కూడా వచ్చేసుంటుంది అనుకున్నా. పొద్దున్నే ఫ్లాట్ దగ్గరి స్కూల్‌కు వెళ్తే లిస్టులో పేరే లేదు. ఫోన్లో వెతికితే నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊళ్లోనే ఉంది. బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. వెళ్లలేకపోయా. ఒక డేటాబేస్‌లో మారిస్తే ఇంకోదాంట్లో మారదని రోజూ అదే పని చేసే నాకు తెలియక కాదు. పట్టించుకోలేదు, అంతే.

మాది ఓటు విలువ తెలియని ప్రాంతం కాదు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని 1996లో నల్గొండ లోక్‌సభ సీటుకు ఏకంగా 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు.

ఓటు మార్చుకుంటానంటే నాయిన ఒప్పుకోలేదు. ‘సర్పంచ్ ఓటు పోతది బిడ్డా’ అన్నాడు. నిజమే. పంచాయతీ ఓటర్ల జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తయారుచేస్తారు. పోనీ, రెండుచోట్లా ఉంచుకుందామా? చట్టం ఒప్పుకోదు. ఫారంలో తెలిసి తప్పు రాస్తే ఏడాది దాకా జైలు. మామూలుగా ఎక్కడ ఉంటామో అక్కడే ఓటు.

నేను ఉండేది హైదరాబాద్‌లో. నా నీళ్ల ట్యాంకర్, నా వీధి డ్రైనేజీ ఇక్కడివే. అందుకే మార్చుకున్నా.

పని పెద్దదేం కాదు. ఎన్నికల సంఘం పోర్టల్లో మొబైల్ నంబర్‌తో లాగిన్ అయి ఫారం 8 నింపాలి. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఇదే ఫారం. అడ్రస్‌కు ఒక రుజువు పెట్టాలి. బీఎల్‌వో వచ్చి చూసుకుంటారు. కొత్తగా ఓటు కావాలంటే ఫారం 6. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీల్లో దేనికి 18 నిండినా చాలు. అనుమానం వస్తే 1950కి ఫోన్ చేయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: నామినేషన్ల గడువు ముగిశాక ఆ ఎన్నికకు జాబితాలో మార్పులు ఉండవు. పోలింగ్ రోజు పొద్దున వెతికితే నాలాగే అవుతుంది.

2025 డిసెంబర్‌లో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. ఊళ్లో దోస్తులంతా సిరా వేళ్ల ఫొటోలు గ్రూపులో పెడుతుంటే చూస్తూ కూర్చున్నా. కొంచెం బాధేసింది. సాయంత్రం నాయిన ఫోన్ చేశాడు.

‘ఈడ మేం ఏసినం తియ్. ఆడ వచ్చినప్పుడు నువ్వు మాత్రం ఇడువకు.’